జర్నల్ వెబ్‌సైట్ ఆగిపోయినా వ్యాసాలు మిగలాలంటే

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిది మీ సంఘం నడుపుతున్న జర్నల్ గురించి. అది ఓపెన్ యాక్సెస్, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలది; ఓజేఎస్ అనే జర్నల్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. ప్రతి వ్యాసానికీ డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంది, హోస్టింగ్ కంపెనీ రోజూ బ్యాకప్ తీస్తోంది, క్లౌడ్‌లో ఇంకో కాపీ కూడా ఉంది. ఇవన్నీ ఉండగా డిజిటల్ ప్రిజర్వేషన్ (దీర్ఘకాలం భద్రపరచడం) పేరుతో ఇంకో ఏర్పాటు ఎందుకని మీ కమిటీలో కొందరు అంటున్నారు. రెండోది మీ లైబ్రరీ చందా కట్టే జర్నళ్ల గురించి. రేపు చందా ఆపేసినా, ప్రచురణ సంస్థే మూతపడినా, ఇన్నేళ్లు డబ్బు కట్టిన సంచికలు చదువుకోవడానికి దొరుకుతాయా అని అడిగారు.

లైబ్రరీలో నేను చాలా ఏళ్లుగా చేస్తున్నది ఈ పనే. రెండు ప్రశ్నలకూ మూలం ఒకచోటే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

బ్యాకప్ ఉండాల్సిందే. కానీ అది జర్నల్ బతికి ఉన్నంతకాలం పనికొచ్చే ఏర్పాటు. డిస్క్ పాడైనా, ఎవరో పొరపాటున ఫోల్డర్ తుడిచేసినా, సైట్ హ్యాక్ అయినా బ్యాకప్ నుంచి మళ్లీ నిలబెట్టుకుంటాం. జర్నళ్లు కనబడకుండా పోవడానికి కారణాలు మాత్రం చాలాసార్లు డిస్కుల్లో ఉండవు. సంపాదకులు రిటైర్ అవుతారు, ఆ బాధ్యత తీసుకునేవాళ్లు దొరకరు. గ్రాంట్ అయిపోతుంది. విశ్వవిద్యాలయం తన వెబ్‌సైట్‌ను కొత్తగా కట్టించుకునేటప్పుడు పాత విభాగాల పేజీలు తీసేస్తారు. డొమైన్ రెన్యూవల్ మెయిల్ ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌కి వెళ్తుంది. అలాంటి రోజు వస్తే మీ సర్వర్, బ్యాకప్, క్లౌడ్ కాపీ మూడూ ఒకదాని వెంట ఒకటి పోతాయి. మూడింటికీ బిల్లు కట్టేది ఒకే సంఘం, పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఒకరిద్దరే. కార్డు గడువు తీరిపోతే క్లౌడ్ కంపెనీ కొన్నాళ్లు చూసి ఖాతా మూసేస్తుంది.

అందుకే మీ కమిటీ ముందు ఈ ప్రశ్న పెట్టండి: మన సంఘమే లేని రోజున, ఇంకెవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా ఈ వ్యాసాలను తెరిచి చూపగల హక్కు, ఫైళ్లు, స్తోమత ఉన్న వేరే సంస్థ ఏది? దీనికి ఒక పేరు చెప్పలేకపోతే జర్నల్ భద్రంగా లేనట్టే లెక్క.

ఇది అనవసరమైన భయం అనుకునేవాళ్ల కోసం రెండు అధ్యయనాలు చెబుతాను. మికాయెల్ లాక్సో, లీసా మథియాస్, నాయ్‌కో యాన్ కలిసి చేసిన పరిశీలనలో 2000 నుంచి 2019 మధ్య 174 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు వెబ్ నుంచి పూర్తిగా మాయమైనట్టు తేలింది. అవి ఏ ఒక్క దేశానికో, ఏ ఒక్క శాస్త్రానికో చెందినవి కావు. అప్పటికే ప్రచురణ ఆగిపోయి, సైట్ మాత్రం ఇంకా తెరుచుకుంటున్నవి మరో 900 దాకా ఉన్నాయి. రెండోది మార్టిన్ ఈవ్ 2024లో ప్రచురించినది. డీఓఐ ఉన్న 70 లక్షలకు పైగా రచనలను తీసుకుని, అవి పెద్ద ఆర్కైవ్‌లలో ఉన్నాయో లేదో సరిచూశారు. సుమారు 28 శాతం ఎక్కడా భద్రపరిచినట్టు కనబడలేదు.

డీఓఐ ఉంది కదా అన్న ధీమాకు ఆ రెండో అధ్యయనమే జవాబు. డీఓఐ నమోదు చేసే సంస్థ దగ్గర ఉండేది వ్యాసం వివరాలు, అది దొరికే వెబ్ చిరునామా. వ్యాసం అక్కడ ఉండదు. మీ సైట్ ఆగిపోతే డీఓఐ నొక్కినవాళ్లకు వచ్చేది ఎర్రర్ పేజీయే. వ్యాసం ఇంకో ఆర్కైవ్‌లో ఉంటే ఆ డీఓఐని అటు మళ్లించవచ్చు, అందుకు డీఓఐ చాలా బాగా పనికొస్తుంది. ఉంటేనే అని గుర్తుంచుకోవాలి. డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ కూడా సభ్యులైన ప్రచురణకర్తలు ఆర్కైవ్ ఏర్పాటు చేసుకునే ప్రయత్నం చేయాలని తన నిబంధనల్లోనే అడుగుతుంది. సభ్యత్వం తీసుకునేటప్పుడు ఆ పేజీ ఎవరూ చదవరు.

అచ్చు జర్నళ్ల కాలంలో ఈ సమస్య ఇంత తీవ్రంగా ఎందుకు లేదో ఆలోచిస్తే, మీ రెండో ప్రశ్నకు దారి దొరుకుతుంది. అచ్చు సంచిక కొన్న ప్రతి లైబ్రరీ దగ్గరా ఒక కాపీ ఉండేది. ప్రచురణ సంస్థ మూతపడినా, ఒక లైబ్రరీ కాలిపోయినా, వందల చోట్ల మిగతా కాపీలు ఉండేవి. భద్రపరచాలని ఎవరూ ప్రత్యేకంగా అనుకోకపోయినా, అమ్మకం జరిగిన పద్ధతి వల్లే భద్రత వచ్చేది. ఆన్‌లైన్ చందా వచ్చాక లైబ్రరీ కొనేది చదువుకునే అనుమతి. కాపీ ప్రచురణకర్త సర్వర్‌లోనే ఉంటుంది. భద్రపరిచే బాధ్యత లైబ్రరీల చేతిలోంచి జారిపోయింది, కానీ ప్రచురణకర్తలు దాన్ని అందుకోలేదు. వాళ్ల వ్యాపారానికి అది అవసరం కాదు కూడా.

ఆ బాధ్యతను మళ్లీ లైబ్రరీల చేతికివ్వాలనే ఆలోచనతో 1999లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ లైబ్రరీలో విక్కీ రైక్, డేవిడ్ రోజెంతాల్ లాక్స్ అనే వ్యవస్థను మొదలుపెట్టారు. ఇది పనిచేసే తీరు తెలుసుకుంటే భద్రపరచడం అంటే ఏమిటో స్పష్టమవుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ప్రచురణకర్త తన సైట్‌లో ఒక అనుమతి వాక్యం పెడతారు: లాక్స్ దీన్ని సేకరించి, భద్రపరిచి, పాఠకులకు అందించవచ్చు అని. చందా కట్టిన లైబ్రరీలో ఒక మామూలు కంప్యూటర్ మీద లాక్స్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంటుంది. అది ఆ వాక్యాన్ని చూసి, జర్నల్‌ను సంపుటాల వారీగా సేకరించి తన దగ్గర ఉంచుకుంటుంది. ఇలాంటి కంప్యూటర్లు చాలా లైబ్రరీల్లో ఉంటాయి.

సేకరించడం తేలిక. పదేళ్ల తర్వాత కూడా ఆ కాపీ చెక్కుచెదరకుండా ఉందని తెలుసుకోవడమే కష్టం. డిస్క్‌లో ఏ మూలో ఒక బిట్ తారుమారైతే ఎవరికీ తెలియదు, ఏ హెచ్చరికా రాదు. ఆ ఫైల్‌ను ఎవరో తెరిచిన రోజే బయటపడుతుంది. లాక్స్ కంప్యూటర్లు అందుకే ఒకదాన్నొకటి తరచూ పరీక్షించుకుంటాయి. అడిగే కంప్యూటర్ ప్రతిసారీ ఒక కొత్త సంఖ్యను పంపుతుంది. మిగతావి ఆ సంఖ్యను తమ దగ్గరున్న ఫైల్‌తో కలిపి చెక్‌సమ్ (ఫైల్‌లో ఉన్నదాన్నిబట్టి వచ్చే చిన్న సంకేతం) లెక్కగట్టి పంపాలి. సంఖ్య ప్రతిసారీ మారుతుంది కాబట్టి పాత లెక్కను దాచుకుని చూపించడం కుదరదు. ఫైల్ ఆ క్షణాన చేతిలో ఉంటేనే సరైన జవాబు వస్తుంది. ఎక్కువ కంప్యూటర్ల జవాబుతో తన కాపీ సరిపోకపోతే తనదే చెడిందని గ్రహించి, ప్రచురణకర్త నుంచో మరో లైబ్రరీ నుంచో మంచి కాపీ తెచ్చుకుంటుంది. ఆ వ్యాసం అంతకుముందు తన దగ్గర ఉండేదని నిరూపించుకున్న కంప్యూటర్‌కే మిగతావి కాపీ ఇస్తాయి. అందుకే దీన్ని అడ్డం పెట్టుకుని చందా లేనివాళ్లు వ్యాసాలు పొందలేరు. ఈ పరీక్షలను కావాలనే నెమ్మదిగా జరిగేలా రూపొందించారు. ఎవరైనా దాడి చేసి కాపీలన్నిటినీ ఒక్కసారిగా పాడుచేయాలనుకుంటే, అందుకు ఎంతో కాలం పడుతుంది, ఈలోగా తేడా బయటపడుతుంది.

నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన ఆలోచనలన్నిటిలో ఇది గొప్పది. ఎవరినీ గుడ్డిగా నమ్మక్కర్లేదు, ఏ ఒక్క సంస్థ బాగోగుల మీదా ఆధారపడక్కర్లేదు.

లాక్స్ సాంకేతికత మీదే క్లాక్స్ అనే ఆర్కైవ్ వచ్చింది. దీన్ని లైబ్రరీలు, ప్రచురణకర్తలు కలిసి నడుపుతారు. ప్రపంచంలో వేర్వేరు ఖండాల్లోని 12 సంస్థల్లో కాపీలు ఉంటాయి. మామూలు రోజుల్లో దీన్ని ఎవరూ చదవలేరు, తలుపులు మూసి ఉంటాయి. ప్రచురణకర్త మూతపడటం, జర్నల్ ఆగిపోయి ఇంకెక్కడా దొరక్కపోవడం లాంటివి జరిగితే దాన్ని ట్రిగ్గర్ ఈవెంట్ అంటారు. అప్పుడు ఆ జర్నల్‌ను క్లాక్స్ ప్రపంచంలో అందరికీ ఉచితంగా, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (అందరూ వాడుకోవచ్చని చెప్పే అనుమతి) తో తెరుస్తుంది. సేజ్ సంస్థ ప్రచురించి ఆపేసిన గ్రాఫ్ట్ అనే అవయవ మార్పిడి జర్నల్‌ను 2008లో అలా తెరిచారు. అదే మొదటిది. చందా కట్టినవాళ్లా కాదా అని చూడకుండా అందరికీ తెరవడం నాకు చాలా నచ్చే విషయం.

పోర్టికో అనే మరో ఆర్కైవ్ దారి వేరు. జేస్టోర్ అనే డిజిటల్ లైబ్రరీ ఆర్కైవ్ ప్రాజెక్టుగా మొదలై 2005లో సేవగా మారింది. ఇది సైట్ నుంచి పేజీలు సేకరించకుండా, ప్రచురణకర్త దగ్గర ఉండే మూల ఫైళ్లనే తీసుకుంటుంది. ఒక్కో సంస్థ ఎక్స్‌ఎంఎల్ (వ్యాసంలోని భాగాలను గుర్తులతో సూచించే ఫైల్ రూపం) ఒక్కో తీరులో ఉంటుంది కాబట్టి వాటన్నిటినీ ఒకే ప్రామాణిక రూపంలోకి మారుస్తుంది, మూల ఫైళ్లనూ అలాగే ఉంచుతుంది. ట్రిగ్గర్ వస్తే చందా జర్నళ్లను తన సభ్య లైబ్రరీలకు తెరుస్తుంది. జాతీయ గ్రంథాలయాలు కూడా ఈ పని చేస్తున్నాయి. నెదర్లాండ్స్ జాతీయ గ్రంథాలయం 2002లోనే ప్రచురణ సంస్థ ఎల్సెవియర్‌తో ఒప్పందం చేసుకుని వాళ్ల జర్నళ్లను భద్రపరచడం మొదలుపెట్టింది.

ఏది మంచిదని అడిగితే, ఒకటికి మించి ఉండాలంటాను. వేర్వేరు యాజమాన్యం, వేర్వేరు సాఫ్ట్‌వేర్, వేర్వేరు దేశాలు. 2023 అక్టోబర్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగింది. అంత పెద్ద, అంత అనుభవమున్న సంస్థలో కూడా ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి అందలేదు. జాతీయ గ్రంథాలయంలో ఉంది కదా, ఇంకేం కావాలి అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇక మీ లైబ్రరీ చేయాల్సింది. ముందు ఒప్పందాలు బయటికి తీయండి. చందా ఆపేశాక కూడా, డబ్బు కట్టిన ఏళ్ల సంచికలు చదివే హక్కు ఉందని స్పష్టంగా రాసి ఉందా? ఉంటే ఏ ఏళ్లకు? ఎక్కడ చదవాలి, ప్రచురణకర్త సైట్‌లోనా, ఆర్కైవ్‌లోనా? సైట్‌లో అయితే ఏటా నిర్వహణ రుసుం కట్టాలా? "శాశ్వత హక్కు" అని ఒక్క మాట రాసి వదిలేసిన ఒప్పందాలు చాలా చూశాను. ఆ మాట ఒక్కటీ ఉంటే సరిపోదు, ఆ హక్కు ఎలా అమలవుతుందో రాసి ఉండాలి.

దీనికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సినది ఇంకొకటి ఉంది. ఏ జర్నల్‌కు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు డబ్బు కట్టారన్న లెక్క మీ దగ్గరే ఉండాలి. ప్యాకేజీలుగా కొన్నప్పుడు జర్నళ్ల జాబితా ఏటా మారుతుంది. జర్నళ్లు ఒక ప్రచురణకర్త నుంచి మరొకరికి చేతులు మారుతుంటాయి, పాత చందాదారుల హక్కుల వివరాలు ఆ మార్పులో తప్పిపోతుంటాయి. ఇలా జరగకూడదనే ట్రాన్స్‌ఫర్ అనే నియమావళి ఉంది. దాన్ని పాటిస్తామన్న ప్రచురణకర్తలు చందాదారుల వివరాలు కొత్త సంస్థకు అందించాలి. అయినా, హక్కు మీదని నిరూపించాల్సి వస్తే ఇన్‌వాయిస్, ఆ ఏడాది జాబితా చూపించగలిగేది మీరే. ప్రతి ఏడాదీ రెన్యూవల్ అయిన వారంలోనే ఆ రెండూ ఒక ఫోల్డర్‌లో పెట్టేసుకోండి. పదేళ్ల తర్వాత వెతకడం మొదలుపెడితే ఆ కొనుగోలు చూసిన మనిషే ఉద్యోగంలో ఉండకపోవచ్చు.

తర్వాత కీపర్స్ రిజిస్ట్రీ చూడండి. ఐఎస్ఎస్ఎన్ (జర్నల్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) అంతర్జాతీయ కేంద్రం దీన్ని నిర్వహిస్తోంది. ఐఎస్ఎస్ఎన్ ఇస్తే ఆ జర్నల్‌ను ఏ ఆర్కైవ్‌లు భద్రపరుస్తున్నాయో, ఏ సంపుటాలు ఉన్నాయో చూపిస్తుంది. జర్నల్ పేరు కనబడగానే ఊపిరి పీల్చుకోవద్దు, సంపుటాల వరుస చదవండి. ఇటీవలి ఏళ్లు ఉండి మొదటి ఏళ్లు లేకపోవడం, మధ్యలో సంచికలు తప్పిపోవడం మామూలే. ఖాళీలు కనబడితే ప్రచురణకర్తకు రాయండి. ఒక్క లైబ్రరీ అడిగితే కదలకపోవచ్చు గానీ, లైబ్రరీల కూటమి (కన్సార్షియం) తరఫున రెన్యూవల్ సమయంలో అడిగితే జవాబు వస్తుంది.

ఫైల్ ఫార్మాట్ల గురించి మీరు చాలా రాశారు. నిజం చెప్పాలంటే దాని గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. ఫార్మాట్లు పాతబడి అన్నీ తెరుచుకోకుండా పోతాయని 1990లలో గట్టిగా అనుకునేవారు. వెబ్‌లో విస్తృతంగా వాడిన ఫార్మాట్ల విషయంలో అలా జరగలేదు. పాత పీడీఎఫ్‌లు ఇప్పటికీ తెరుచుకుంటున్నాయి. పీడీఎఫ్/ఏ (దీర్ఘకాలం దాచడానికి చేసిన పీడీఎఫ్ రకం) వాడితే ఫాంట్లు ఫైల్‌లోనే ఉంటాయి, అది చాలు. కుదిరితే జాట్స్ (జర్నల్ వ్యాసాల కోసం ఉన్న ప్రామాణిక రూపం) ఎక్స్‌ఎంఎల్ కూడా ఇవ్వండి. నిజంగా చిక్కు తెచ్చేవి రెండు. యూనికోడ్ లేని పాత ఫాంట్లతో కూర్చిన వ్యాసాలు చూడటానికి బాగానే ఉంటాయి, కానీ అందులో ఒక్క మాట వెతికినా దొరకదు, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. వాటికి కనీసం శీర్షిక, రచయిత పేరు, సారాంశం యూనికోడ్‌లో విడిగా ఉంచండి. రెండోది వ్యాసంతో పాటు ఇచ్చే అనుబంధాలు: వీడియోలు, డేటా, ఇంటరాక్టివ్ బొమ్మలు. ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌కు 2020 చివర్లో మద్దతు ఆగిపోయాక అందులో చేసిన బొమ్మలు బ్రౌజర్లలో తెరుచుకోవడం లేదు. వ్యాసం ఆర్కైవ్‌కి వెళ్లినా అనుబంధాలు వెళ్లకపోవచ్చు, కాబట్టి ఆర్కైవ్‌ను ఆ ఒక్క ప్రశ్న విడిగా అడగండి.

మీ సొంత జర్నల్‌కు వస్తే, ఓజేఎస్‌లో ఉండటం అదృష్టం. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసే పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్టు వాళ్లే పీకేపీ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ నడుపుతున్నారు. అది కూడా లాక్స్ పద్ధతిలోనే పనిచేస్తుంది, జర్నల్‌కు ఖర్చు లేదు. ఐఎస్ఎస్ఎన్ ఉండి, ప్రచురించిన సంచిక ఉంటే చాలు. ప్లగిన్ పెట్టి, నిబంధనలకు ఒప్పుకుంటే సంచికలు దానంతట అవే వెళ్తాయి. మీ సైట్ నుంచి చాలాకాలం సంకేతం రాకపోతే వాళ్లే మిమ్మల్ని సంప్రదిస్తారు. జర్నల్ నిజంగా ఆగిపోయిందని తేలితే వ్యాసాలను అందరికీ తెరుస్తారు. ప్లగిన్ పెట్టి మర్చిపోవద్దు. నెల తర్వాత స్థితి పేజీ తెరిచి, పాత సంచికలన్నీ చేరాయో లేదో చూడండి. అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ మళ్లీ చూడండి, ఎందుకంటే ప్లగిన్లు ఆగిపోయేది ఎక్కువగా అప్పుడే.

రచయితల నుంచి రుసుం తీసుకోని జర్నల్ అయితే జాస్పర్ ప్రాజెక్టు గురించి కూడా కనుక్కోండి. డీఓఏజే (ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా), క్లాక్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్, పీకేపీ, కీపర్స్ రిజిస్ట్రీ కలిసి 2020లో దీన్ని ప్రకటించాయి. డబ్బులేని చిన్న జర్నళ్లే ఎక్కువగా మాయమవుతున్నాయి కాబట్టి వాటి కోసమే పెట్టారు. లైసెన్స్ ప్రతి వ్యాసం మీదా స్పష్టంగా ఉండాలి, పీడీఎఫ్ లోపల కూడా. హక్కులు ఎవరివో తేలని వ్యాసాన్ని ఏ ఆర్కైవ్ అయినా తెరవడానికి వెనకాడుతుంది. సైట్‌లోని రోబోట్స్ ఫైల్ (ఏ సేకరణ ప్రోగ్రామ్‌లు రావచ్చో చెప్పే ఫైల్) ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి సేకరణ సంస్థలను అడ్డుకోకుండా చూడండి. సర్వర్ మీద భారం తగ్గించాలని సాంకేతిక సిబ్బంది అన్నిటినీ ఒకే వరుసలో నిషేధించడం తరచూ జరుగుతుంది.

ఐఎస్ఓ 14721, ఐఎస్ఓ 16363, కోర్‌ట్రస్ట్‌సీల్ లాంటి ప్రమాణాల, ధ్రువీకరణల పేర్లు చూసి భయపడ్డామని రాశారు. అవి ఆర్కైవ్ నడిపేవాళ్ల కోసం. మీరు ఆర్కైవ్ కట్టడం లేదు, ఒక ఆర్కైవ్‌కి ఇస్తున్నారు. అది అలాంటి తనిఖీకి నిలబడిందా అని అడిగితే చాలు.

సాఫ్ట్‌వేర్ పని కంటే ముందు కమిటీలో తీర్మానం చేయించండి. జర్నల్ ఆగిపోతే ఆ విషయం ఆర్కైవ్‌లకు, క్రాస్‌రెఫ్‌కు ఎవరు తెలియజేస్తారు, డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, ఓజేఎస్ అడ్మిన్ లాగిన్, క్రాస్‌రెఫ్ లాగిన్ ఎవరి దగ్గర ఉన్నాయి, వాళ్లు లేకపోతే ఎవరు? ఇవి ఒక పేజీలో రాసి సంతకాలు పెట్టండి. లాగిన్లకు ఒక మనిషి సొంత మెయిల్ వాడకుండా పదవి పేరుతో ఉండే మెయిల్ వాడండి. డొమైన్‌ను వీలైనన్ని ఎక్కువ ఏళ్లకు ఒకేసారి రెన్యూవల్ చేయండి.

ఎప్పుడైనా జర్నల్ పేరు మారి ఉంటే ఒక్క జాగ్రత్త. పేరు గణనీయంగా మారినప్పుడు కొత్త ఐఎస్ఎస్ఎన్ వస్తుంది, ఆర్కైవ్‌లూ కీపర్స్ రిజిస్ట్రీ రెండు పేర్లనూ రెండు జర్నళ్లుగానే చూస్తాయి. ఓజేఎస్‌లో పాత సంచికలన్నీ కొత్త పేరు, కొత్త ఐఎస్ఎస్ఎన్ కింద ఎక్కించేసి ఉంటే పాత పేరుతో వెతికేవాళ్లకు అవి దొరకవు. ప్లగిన్ నొక్కే ముందే పాత సంపుటాలకు అప్పటి పేరు, అప్పటి ఐఎస్ఎస్ఎన్ ఉన్నాయో లేదో సరిచూసుకోండి. లేకపోతే ముందు ఐఎస్ఎస్ఎన్ కేంద్రానికి రాసి ఆ వివరాలు సరిచేయించుకుని, తర్వాతే ఆర్కైవ్‌కి పంపండి.